వానకు ముందటి రైలు

ఇసుక నింపిన గోనెసంచిని లెట్రిన్ గుంతలో అదిమి, దాని మీద ఒక గ్రానైటు ముక్క బరువు పెట్టి, రేవతి నడుం పట్టుకుని లేచింది. మూడేండ్ల కింద వాగు పొంగినప్పుడు నీళ్ళు మొదట గుమ్మంలోంచి రాలేదు, ఇక్కడినుంచే వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే గుర్తుంది. ఎందుకంటే ఆ నీళ్ళు తీశాక ఇల్లంతా పేరుకున్న బురదను రేకుతో గోకి, ఫినాయిలు పోసి, ఎన్ని రోజులు కడిగినా పోని ఆ వాసనను కడిగింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకు ఆ వరద ఒక ముచ్చట. పెండ్లిళ్ళలో, బారసాలల్లో ఆమె భర్త సంపత్ చెప్పే కథ. "మా ఇంట్ల నడుముల్లోతు నీళ్ళు, ఫ్రిజ్జు పడవ లెక్క తేలింది" అని అతను చెబుతుంటే అందరూ నోళ్ళు తెరిచి వింటారు. ఫ్రిజ్జును తుడిచిన చేతులు ఆ కథలో ఎక్కడా ఉండవు.

హాల్లో టీవీ మోగుతూనే ఉంది. తుఫాను తీరం దాటిందట. ఖమ్మం, వరంగల్ మీదుగా వాయుగుండంగా మారి ఉత్తర తెలంగాణ వైపే వస్తోందట. సాయంత్రానికి కరీంనగర్, మంచిర్యాల జిల్లాల్లో కుండపోత అని ఎర్రటి అక్షరాలు పరుగులు పెడుతున్నాయి. కిటికీలోంచి చూస్తే మంచిర్యాల ఆకాశం బూడిద రంగులో, గాలి కూడా లేకుండా, ఎవరో చెప్పిన మాట విని కదలకుండా కూర్చున్న మనిషిలా ఉంది.

సంపత్ పొద్దున్నే డ్యూటీకి పోయాడు. పైనుంచి గుంతలా తవ్విన బొగ్గు గనిలో, ఓపెన్ కాస్టులో, వాన నీళ్ళు తోడే పంపుల దగ్గర అతని పని. వాన వస్తుందంటే అతనికి సెలవు ఉండదు. పోతూ పోతూ బండి మీదినుంచే చెప్పాడు. "బియ్యం సంచులు సజ్జ మీదికెక్కియ్యి. సిలిండర్ పైకి పెట్టు. ఫ్రిజ్జు కింద ఇటుకలు పెట్టు. ఇన్వర్టరు వైర్లు పీకు. అవ్వ మందు గోలీలు ప్లాస్టిక్ కవర్ల కట్టు. ఇంట్ల ఉండేదానివే గదా, జర అన్ని చూసుకో." ఇంట్లో ఉండేదానివే గదా. ఈ మాట ఆమె ఎన్నిసార్లు విన్నదో! తిట్టు కాదు అది, కోపంగా కూడా అనడు. ఇంట్లో ఉండే గోడ, ఇంట్లో ఉండే తలుపు, ఇంట్లో ఉండే రేవతి. తుఫాను వస్తుంటే గోడకు ఎవరైనా ధైర్యం చెబుతారా?

బియ్యం సంచి మొత్తంగా ఎత్తలేక, చిన్న చిన్న సంచుల్లోకి పంచి ఒక్కొక్కటే స్టూలెక్కి సజ్జ మీదికి తోసింది. బిందెలు, బకెట్లు, చివరికి పప్పుగిన్నెలు కూడా నీళ్ళతో నింపింది. కరెంటు పోతే మోటారు నడవదు. మంచం మీద అత్త ఎల్లక్క, మోకాళ్ళకు తువ్వాల కట్టుకుని, కోడలు తిరిగే దిక్కుకల్లా కళ్ళు తిప్పుతూ కూర్చుంది. డెబ్బయి దాటిన ముసలమ్మ. నడవాలంటే గోడ పట్టుకోవాలి.

లోపలి గదిలో కూతురు హర్షిణి ఉంది. ఆమె పక్కనే జిప్పు వేసిన బ్యాగు ఉంది. ఆ బ్యాగు నిన్నటినుంచీ అక్కడే ఉంది. దాన్ని సజ్జ మీద పెట్టాలో, గుమ్మం దగ్గర పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

హర్షిణి మైనింగ్ డిప్లొమా చేసింది. చేస్తానన్నప్పుడే సంపత్ నవ్వాడు. "బాయిల ఆడపిల్లేంది? నా దోస్తులు నవ్వుతరు." బాయి అంటే బొగ్గు బాయి, గని. సీటు వచ్చింది కదా, ఫీజు లేదు కదా అని ఊరుకున్నాడు. అక్కడితో ఆగుతుందనుకున్నాడు. కానీ పిల్ల మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర ఒక ప్రైవేటు గని వాళ్ళు పెట్టిన పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు పోయి, ట్రైనింగ్ పోస్టుకు ఎంపికైంది. రేపు పొద్దున పది గంటలకల్లా అక్కడ హాజరు కావాలి. ఈ సాయంత్రం బల్లార్షా వైపు పోయే రైలెక్కితే రాత్రికి అక్కడ హాస్టల్లో ఉండొచ్చు. బెల్లంపల్లి నుంచి ఆమె క్లాసుమేటు నవీన కూడా అదే రైలెక్కుతోంది.

నిన్న రాత్రి అన్నం తింటూ సంపత్ టీవీ వైపు వేలు చూపించాడు. "చూసినవా? రెడ్ అలర్టు. గీ తుఫాన్ల ఆడపిల్లను పంపుతరా ఎవలన్న?"

"డాడీ, తుఫాను కిందికెల్లి వస్తుంది. నేను మీదికి పోతున్న. రైలు వాన కంటె ముందు పోతది" అంది హర్షిణి.

"ఆగు బిడ్డా. ముందుగాల గీ తుఫాను పోనీ. తర్వాత చూద్దాం" అన్నాడు. వద్దు అనలేదు. సంపత్ ఎప్పుడూ వద్దు అనడు. తర్వాత చూద్దాం అంటాడు. రేవతి డిగ్రీ ప్రైవేటుగా కడతానన్నప్పుడు తర్వాత చూద్దాం. కుట్టు సెంటరు పెడతానన్నప్పుడు తర్వాత చూద్దాం. ఆ తర్వాతలన్నీ ఒక్క చోట పోస్తే ఒక మనిషి వయసంత అవుతుందని ఆమెకు పోయిన ఏడు నలభై ఐదో పుట్టినరోజున తోచింది. ఆ రోజు అందరికీ పాయసం వండి, గిన్నెకు అంటుకున్నది తాను గోక్కుని తింటున్నప్పుడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. సంపత్.

"అన్ని పైకెక్కిచ్చినవా?"

"ఎక్కిచ్చిన."

"నా షీల్డు?"

"ఏ షీల్డు?"

"గదే, బెస్ట్ వర్కర్ షీల్డు. పోయినసారి తడిసి చెక్క ఉబ్బింది. దాన్ని మంచిగ గుడ్డల చుట్టి పైన పెట్టు."

"పెడ్త. ఇగో, హర్షిణి సంగతి..." అనేలోపే ఫోన్ తెగింది. గని గుంతలోకి దిగితే సిగ్నలు ఉండదు.

ఆమె షోకేసులోంచి షీల్డు తీసి, తన పాత చీర ముక్కలో చుట్టింది. చుడుతూ ఉంటే దాని మీద చెక్కిన సంపత్ పేరు చేతికి తగిలింది. ఒక్కసారిగా ఇరవై మూడేండ్ల కిందటి ఆఫీసు వరండా కళ్ళ ముందు నిలబడింది. రాయమల్లు, ఆమె బాపు, అండర్‌గ్రౌండులో పనిచేసి పనిచేసి ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి నౌకరి వస్తుంది. ఆయనకున్న సంతానం రేవతి ఒక్కతే. అప్పటికి ఆమె ఇంటర్ పాసై, టైపు నేర్చుకుంది. ఆఫీసుల్లో, దవాఖానలో ఆడవాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు పనిచేస్తూనే ఉన్నారు. కానీ బాపు దగ్గరికి పెద్దమనుషులు వచ్చారు. సంపత్ వాళ్ళ నాన్న వచ్చాడు. "నౌకరి అల్లునికియ్యి రాయమల్లూ. పిల్లకు మొగడు దొరుకుతడు, నీకు కొడుకు దొరుకుతడు" అన్నాడు. ఆ నెలలోనే పెండ్లి అయ్యింది. తర్వాత ఒక రోజు ఆఫీసులో ఒకాయన, అద్దాలు నుదుటి మీదికి జరుపుకుని, నేరుగా ఆమెనే అడిగాడు. "అమ్మా, నీకు హక్కున్నది. నువ్వు చేస్తవా? నీ భర్తకియ్యమంటవా?" ఆమె బాపు వైపు చూసింది. బాపు దగ్గుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సంపత్ వైపు చూసింది. కొత్త పెండ్లికొడుకు, ఇస్త్రీ చొక్కా, నేల చూపులు. "ఆయనకే ఇయ్యుండ్రి సార్" అంది. ఎంత తేలికగా అంది! కూరగాయల దుకాణంలో సంచి పక్కవాళ్ళకు అందించినట్టు. బయటికొచ్చాక సంపత్ ఆమెకు సోడా కొనిచ్చాడు. దాని చల్లదనం ఆమెకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత ఆ విషయం ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కాలం గడిచేకొద్దీ ఆ నౌకరి సంపత్ కష్టార్జితం అయిపోయింది. అతను దొంగ కాదు. వానలో, ఎండలో చేశాడు, నిజమే. కానీ "నేను తెచ్చిపెడితే నువ్వు తింటున్నవ్" అని అతను అన్న ప్రతిసారీ, ఆ అద్దాలాయన మళ్ళీ ఒకసారి తలెత్తి ఆమెను అడిగినట్టే ఉండేది. బలవంతం చేసి లాక్కుంటే ఏడ్వొచ్చు. అడిగితే ఇచ్చేసినదానికి ఎట్లా ఏడ్వడం?

"రేవతీ" అని పిలిచింది ఎల్లక్క మంచం మీదినుంచి.

"ఏందత్తా? గోలీ కావాల్నా?"

"గోలీ గాదు. పిల్లను పంపియ్యరాదే."

రేవతికి తాను విన్నది నిజమో కాదో తెలియలేదు. ఈ ఇంట్లో అడ్డం చెప్పేవాళ్ళలో మొదటి మనిషి అత్తే అనుకుంది ఇన్నాళ్ళూ. ముందే జవాబులు కూడా కూడబెట్టుకుంది మనసులో.

"ఏమంటున్నవత్తా?"

"చాందకే గదా పొయ్యేది, గదే మీ చంద్రపూర్. మా చిన్నప్పుడు చాంద సంతకు నడిచి పోయెటోళ్ళు. వాన రాకముందు రైలెక్కియ్యి. వాన మనకొస్తది గని రైలుకొస్తదా?" ముసలమ్మ తువ్వాల సవరించుకుంది. "నేను బాయి మీద తట్టలు మోసిన, ముగ్గురు పిల్లల తల్లినయినంక. నన్నెవ్వలేమన్లే. పనికి పోయిన కాళ్ళకు మాట పడదే."

"మరి నా నౌకరప్పుడు నువ్వు గీ మాట ఎందుకన్లే అత్తా?" ఆమెకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ఎల్లక్క కోడలి దిక్కు తిరిగింది. "అప్పుడు నన్నెవలడిగిండ్రే?" అంది.

ఆ మాట రేవతికి చెంప మీద కొట్టినట్టయింది. అత్తను ఎవరూ అడగలేదు. తనను అడిగారు.

హర్షిణి గదిలోంచి బయటికి వచ్చి నిలబడింది. నానమ్మ మాటలు విన్నట్టుంది. ముఖంలో వెలుగు వచ్చింది. బ్యాగు పట్టీ చేతిలోనే ఉంది.

"అమ్మా, ఇంక గంటల రైలు. ఆటో పిలువనా? ఏమంటవ్?"

తర్వాత ఎన్నోసార్లు రేవతి ఆ క్షణంలోకి తిరిగి పోయింది. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. గాలి లేదు. వాన లేదు. వీధిలో పక్కింటి పిల్లలు గోళీలాడుతున్నారు. ఆకాశం ఆగి ఉంది, రోడ్డు పొడిగా ఉంది. అత్త పంపమన్నది. బిడ్డ నిలబడి అడుగుతోంది. అడ్డం ఒక్కటి కూడా లేదు. పొమ్మని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కోసం ఆమె తన లోపల వెతికింది. అక్కడ ఆ మాట ఉండాల్సిన చోట సంపత్ గొంతు ఉంది. రైలు దోవలో ఆగిపోతే? పిల్ల స్టేషన్లో ఒంటరిగా ఇరుక్కుంటే? 'నీకు బుద్ధి ఉన్నదా? నేను ఇంట్ల లేనప్పుడు...' ఏమైనా అయితే తన నెత్తి మీదికి. ఏమీ కాకపోయినా తన నెత్తి మీదికే.

"మీ డాడీకి ఒక్క మాట చెప్పి పోవాలె గదా బిడ్డా. ఫోన్ కలువనియ్యి" అంది.

హర్షిణి ముఖంలో వెలుగు ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. ఫోన్ చేశారు. కలవలేదు. మళ్ళీ చేశారు. రేవతి చేసింది, హర్షిణి చేసింది, పక్క డిపార్టుమెంటు మనిషికి కూడా చేశారు. "అన్న గుంతల ఉన్నడు వదినా, పైకి రాంగనే చెప్త" అన్నాడతను. రేవతి పప్పు దించింది. పొయ్యి తుడిచింది. ఆరిన బట్టలు మడత పెట్టింది. చేతులు ఆడుతూ ఉంటే ఎదురుచూసినట్టు ఉండదు కదా, పని చేస్తున్నట్టు ఉంటుంది. ఆమె బతుకంతా అట్లాగే ఎదురుచూసింది, చేతులాడిస్తూ.

దూరంగా స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. కాసేపటికి హర్షిణి ఫోన్ మోగింది. నవీన. బెల్లంపల్లిలో రైలెక్కింది. స్పీకర్లోంచి రైలు చప్పుడు, ఎవరో పల్లీలమ్ముతున్న కేక.

"ఏ బోగీల ఉన్నవే? నేను సీటు ఆపిన."

"నేను వస్తలేనే" అంది హర్షిణి. గొంతు మామూలుగానే ఉంది. "ఇక్కడ తుఫాను."

"తుఫానా? వాన పడుతుందా?"

హర్షిణి కిటికీలోంచి చూసింది. "ఇంకా లేదు" అని పెట్టేసింది.

సంపత్ చీకటి పడేవేళకు వచ్చాడు. అప్పటికి గాలి మొదలైంది, సన్నగా జల్లు పడుతోంది. రెయిన్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, ఇల్లంతా ఒకసారి చూశాడు. సజ్జ మీదికెక్కిన బియ్యం, ఇటుకల మీదికెక్కిన ఫ్రిజ్జు, గదిలో గోడ వైపు తిరిగి పడుకున్న బిడ్డ, జిప్పు వేసి ఉన్న బ్యాగు.

"మంచి పని చేసినవ్ రేవతీ, పంపలేదు" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. పెండ్లయిన ఇన్నేండ్లలో అతను ఆమెను నోరారా మెచ్చుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ మెచ్చుకోలు ఒక్కటి అతను వెనక్కి తీసుకుంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అన్నం వడ్డించింది. కరెంటు పోయింది. చార్జింగ్ లైటు వెలుతురులో నలుగురూ తలుపు వైపు చెవులు పెట్టి కూర్చున్నారు, వాగు చప్పుడు పెరుగుతుందేమోనని. ఎల్లక్క దేవుని పేరేదో గొణుక్కుంటోంది. రేవతికి భయం వేయలేదు. ఒక సిగ్గుమాలిన కోరిక కలిగింది. రానీ, రావాల్సిన తుఫాను వచ్చేయనీ. గుమ్మం దాటి నీళ్ళు రానీ, రోడ్లు తెగనీ. అప్పుడైనా తాను బిడ్డను ఆపడంలో ఒక న్యాయం ఉండేది.

పొద్దున్నే లేచి తలుపు తీస్తే ఎండ.

ఉతికి ఆరేసిన తెల్లబట్టలాంటి ఎండ. వాకిట్లో రెండు మూడు చోట్ల నీళ్ళు నిలిచాయంతే. వాగు తన మానాన తాను పారుతోంది. వాయుగుండం దారి మార్చుకుందని, వరంగల్ వైపే కురిసి బలహీనపడిందని టీవీలో చెబుతున్నారు. హన్మకొండలో కాలనీలు మునిగాయట, పడవల మీద జనాన్ని తెస్తున్నారట. పాపం, ఎవరెవరి ఇండ్లో. అటు నీళ్ళలో పట్టాలు మునిగి పొద్దుటి రైళ్ళు రద్దయ్యాయట. మంచిర్యాలకు మాత్రం తుఫాను రాలేదు.

సంపత్ వాకిట్లో కుర్చీ వేసుకుని, రేవతి ఇచ్చిన చాయ్ తాగుతూ, పక్కింటాయనతో గట్టిగా నవ్వుతున్నాడు. లోపలికి వచ్చి, "ఇగ ఫికర్ లేదు. అన్ని కిందికి దించుకో" అన్నాడు. అని, గది గుమ్మంలో కూర్చున్న హర్షిణిని చూశాడు. పిల్ల రాత్రంతా నిద్రపోనట్టుంది. బ్యాగులోంచి బట్టలు తీసి బీరువాలో పెడుతోంది. ఒక్కొక్కటే మడత విప్పి, మళ్ళీ మడిచి పెడుతోంది.

"ఎందుకు బిడ్డా గంత పరేషానైతున్నవ్? మనూర్లనే ఏదన్న చూద్దాం. నౌకరి అంటే మాటలనుకున్నవా? గీ నౌకరి కోసం నేను ఎంత కష్టపడ్డనో నీకు తెల్వది. నా బొక్కలరిగినయ్. నా రెక్కల కష్టం మీద గీ ఇల్లు నిలవడ్డది. నీకేం తక్కువ జేసిన?"

"ఆ నౌకరి నాది" అంది రేవతి.

ఆమె గట్టిగా అనలేదు. స్టూలు మీద నిలబడి బియ్యం సంచి దించబోతోంది. చేతులు సజ్జ మీదే ఉన్నాయి.

"ఏంది?" అన్నాడు సంపత్.

"మా బాపు నౌకరి. నాకు రావాలె. ఆఫీసుల సారు నన్నే అడిగిండు. నేనే మీకియ్యమన్న. కష్టం మీదే, కాదంటలేను. నౌకరి నాది."

హర్షిణి చేతిలో మడత అట్లాగే ఆగింది. తల్లిని, తండ్రిని మార్చి మార్చి చూసింది. ఈ మాట ఆమె పుట్టిన తర్వాత ఈ ఇంట్లో వినిపించడం ఇదే మొదలు.

"ఇప్పుడెందుకే గా ముచ్చట?" సంపత్ గొంతు తగ్గింది. తల్లి వైపు చూశాడు, ఆమె ఏదైనా అంటుందేమోనని.

"నిజమే గదరా" అంది ఎల్లక్క.

రేవతి స్టూలు దిగింది. చేతులు కడుక్కుంది. చెంగుతో తుడుచుకుని, హర్షిణి ముందు కూర్చుని, బీరువాలోకి పోయిన బట్టలన్నీ మళ్ళీ బయటికి తీసి బ్యాగులో సర్దింది. "లెవ్వు. ఆసిఫాబాద్ మీదికెల్లి చాంద బస్సు ఉంటది. పోయి అడుగుదాం."

"అమ్మా, పది వరకే టైం. మనం పొయ్యేసరికి మధ్యాహ్నమైతది. లాభం లేదు."

"లాభం లేకపోతే లేకపాయె. పోయి అడుగుదాం."

"రేవతీ, నాకు రెండో షిఫ్టు. అవ్వకు తిండి..." అన్నాడు సంపత్.

"గిన్నెల నిన్నటి పప్పున్నది. బియ్యం సజ్జ మీదున్నయ్, దించుకోండ్రి" అని ఆమె చెప్పులు వేసుకుంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు, కానీ అడ్డంగా కాదు, పక్కకు జరిగి. ఇన్నాళ్ళూ అడ్డం ఇంత పలుచనగా ఉందా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యం వెంటనే దుఃఖమైంది. నిన్న సాయంత్రం, ఎవరూ లేని గుమ్మంలోంచి, తాను బిడ్డను పంపలేకపోయింది.

బస్సులో హర్షిణి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఆసిఫాబాద్ దాటింది. రెండు పక్కలా పత్తి చేన్లు, తెల్లగా పగిలిన కాయలు, వాన పడితే నల్లబడిపోయేవి, ఎండలో మెరుస్తున్నాయి. ఆ చేన్ల వాళ్ళకైనా ఈ రాని తుఫాను మేలు చేసింది.

"నువ్వెందుకియ్యమన్నవమ్మా డాడీకి?" అని అడిగింది చివరికి.

రేవతి ఆలోచించింది. బాపు దగ్గు, మామ మాట, పెద్దమనుషులు, కాలం అట్లాంటిది, అన్నీ చెప్పొచ్చు. అన్నీ నిజాలే. "నన్నడుగుతరని నాకు తెల్వది బిడ్డా. అడిగేసరికి ఏం చెప్పాల్నో తయారుగ లేను" అంది. "నిన్న నువ్వడిగినప్పుడు గూడ గంతే."

హర్షిణి తల్లి చేయి పట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పట్టుకోనందుకు రేవతికి కష్టంగా అనిపించలేదు. పట్టుకుని ఉంటే తాను అప్పుడే క్షమాపణ దొరికిందనుకుని ఊపిరి పీల్చుకునేది. అంత తొందరగా ఊపిరి పీల్చుకునే హక్కు తనకు లేదు.

వర్ధా వంతెన దాటి, చంద్రపూర్లో ఆటో మాట్లాడుకుని, గని ఆఫీసుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. టేబుల్ వెనక ఉన్నాయన బల్లార్షాలో పుట్టిన తెలుగాయనే. మరాఠీ కలిసిన తెలుగులో మాట్లాడాడు.

"టైం పదింటికి గదా పోరీ? పదకొండు దాక చూసినం. తర్వాత వెయిటింగుల ఉన్న పోరగానికి ఫోన్ చేసినం. ఆయన వచ్చి జాయిన్ గూడ అయిండు."

"సార్, నిన్న తుఫాను..." అని మొదలుపెట్టింది హర్షిణి.

"ఏం తుఫాను? నిన్న రైల్ గాడీ నడిచింది. బెల్లంపల్లి పోరి వచ్చింది, సిర్పూర్ పోరడు వచ్చిండు. మీ మంచిర్యాలల వాన పడిందా?" అని, జవాబు కోసం ఆయన హర్షిణిని వదిలి రేవతి వైపు చూశాడు. "ఎందుకు రాలేదమ్మా?"

మూడోసారి. అప్పుడు ఆ అద్దాలాయన, నిన్న బిడ్డ, ఇప్పుడు ఈయన, ఆమె ముఖంలోకి చూసి అడగడం. ఈసారి ఆమె పక్కకు చూడలేదు. పక్కన బిడ్డ తప్ప చూడటానికి ఎవరూ లేరు కూడా.

"తుఫాను గాదు సార్. పిల్ల బ్యాగు సర్దుకుని తయారుగనే ఉండె. నేనే ఆపిన" అంది. "తప్పు నాది. ఆమెకు పని మీద ఇష్టం లేదని మాత్రం రాసుకోకుండ్రి."

ఆయన పెన్ను టేబుల్ మీద పెట్టాడు. హర్షిణి తల్లి వైపు తిరిగి చూసింది. పొద్దుటి నుంచి ఆమె కళ్ళలో ఉన్నది కరగలేదు, కానీ కాస్త కదిలింది.

"సీటు అయితే పోయిందమ్మా. నేనేం చేయలేను" అన్నాడాయన, ఈసారి మెత్తగా. "కొత్త బ్యాచ్ ఎప్పుడో చెప్పలేను. కానీ మొదటి నెలల ఒకలిద్దరు తట్టుకోలేక ఇడిసిపెట్టి పోతుంటరు. అప్పుడు అర్జంటుగ పిలుస్తం. దూరమున్నోళ్ళు వచ్చేదాక ఆగం. దగ్గరున్నోళ్ళనే తీసుకుంటం."

బయట వేపచెట్టు కింద నవీన ఎదురొచ్చింది. తల మీద కొత్త పసుపుపచ్చ హెల్మెట్, ముఖం నిండా చెమట, సంబరం. హర్షిణిని చూడగానే ఆ సంబరాన్ని దాచుకోబోయి దాచుకోలేకపోయింది. హర్షిణి ఆమె హెల్మెట్ మీద చేయి వేసి, "మంచిగున్నదే" అంది. ఆ ఒక్క మాటలో తన బిడ్డ ఎంత మింగిందో రేవతికి తెలిసింది. ఆ మింగడం ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా తెలిసింది.

"నీ హాస్టల్ల ఇంకొక మంచం దొరుకుతదా నవీనా?" అని అడిగింది.

"దొరుకుతది ఆంటీ. నా రూంలనే ఖాళీ ఉంది. కానీ..."

"అమ్మా" అంది హర్షిణి. "జాబ్ లేకుండ ఇక్కడెందుకు ఉండుడు? పిలుస్తరో పిలువరో తెల్వది. డాడీని అడగకుండ..."

"తెల్వది బిడ్డా. పిలువకపోవచ్చు గూడ. ఎదురు చూసుడే అయితే ఇక్కడ్నే చూడు. ఇంట్ల వద్దు. ఇంట్ల కూసున్నోళ్ళకు తుఫాన్లే కనవడ్తయ్."

సాయంత్రం హాస్టల్ మెట్ల దగ్గర హర్షిణి ఆమెను వదిలి లోపలికి పోయింది. రెండు మెట్లెక్కి, మళ్ళీ దిగి వచ్చి, తల్లి భుజం మీద ఒక్క క్షణం తల ఆనించి పోయింది. రేవతి బస్టాండుకు వచ్చి, మంచిర్యాల బస్సులో కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద అప్రయత్నంగా చేయి వేసి, తీసేసింది. నిన్న రైలెక్కించి ఉంటే ఈ పాటికి పిల్ల తల మీద కూడా ఒక పసుపుపచ్చ హెల్మెట్ ఉండేది. ఆ ఒక్క సాయంత్రాన్ని తాను ఇక ఏ పని చేసీ, ఎంత తుడిచీ, ఎంత కడిగీ తిరిగి తేలేదు.

ఫోన్ మోగింది. సంపత్. రెండో షిఫ్టుకు పోనట్టుంది, వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తోంది.

"ఏమన్నరు? దొరికిందా నౌకరి?"

"దొరకలే."

"నేను చెప్పిన గదా" అన్నాడు. గొంతులో గెలుపు కంటే అలసట ఎక్కువగా ఉంది. "సరే పోనీ. ఇద్దరు ఎప్పటికి వస్తరు? బస్టాండుకు రానా?"

బస్సు కదిలింది.

"వద్దు" అంది రేవతి. "నేనొక్కదాన్నే వస్తున్న."